జిమ్మీ కాకా పాట
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేం మాట్లాడబోయేది మన జిల్లా మనిషి గురించి కాదు, మన దేశం మనిషి గురించి కూడా కాదు. ఆయన ఆస్ట్రేలియా ఆదివాసీ, పేరు జిమ్మీ లిటిల్. గిటారు పట్టుకుని అక్కడివాళ్లు కంట్రీ మ్యూజిక్ అని పిలిచే పల్లె పాటలు, భక్తి పాటలు, ప్రేమ పాటలు పాడుతూ యాభై ఏళ్లకు పైగా బతికారు. ఆస్ట్రేలియాలో ఆదివాసులు తమ పెద్దలను అంకుల్, ఆంటీ అంటారు. మనం కాకా అన్నట్టే. అక్కడ ఆయన అందరికీ అంకుల్ జిమ్మీ, కాబట్టి ఈ కాసేపు మనమూ జిమ్మీ కాకా అనుకుందాం.

ఆదివాసీ దినోత్సవం నాడు పరాయి దేశపు పాటగాడి కథ ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. ఆయన జీవితంలో భూమి ఉంది, ఊరు వదిలిపోవడం ఉంది, పిల్లల్ని పోగొట్టుకోవడం ఉంది, జబ్బు ఉంది. ఇవన్నీ మనకు తెలిసినవే. వాటి మధ్య ఒక మనిషి పాటను ఎలా నిలబెట్టుకున్నాడో చూస్తే మనకు పనికొస్తుంది.

జిమ్మీ లిటిల్ 1937 మార్చి 1న కమ్మెరగుంజ అనే చోట పుట్టారు. మర్రే నది ఒడ్డున, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం అంచున ఉంటుంది అది. తల్లి యోర్తా యోర్తా తెగ, తండ్రి యూయిన్ తెగ. ఇద్దరూ కళాకారులే. తండ్రి హాస్యం, నాట్యం, పాట కలిపి బృందంగా ప్రదర్శనలిచ్చేవాడు, తల్లి పాడేది. ఏడుగురు పిల్లల్లో జిమ్మీ పెద్దవాడు.

కమ్మెరగుంజ మామూలు పల్లె కాదు. అప్పట్లో ప్రభుత్వం ఆదివాసులను ‘మిషన్’ అని, ‘స్టేషన్’ అని పిలిచే స్థలాల్లో ఉంచేది. పైన ఆదివాసుల రక్షణ పేరుతో ఒక బోర్డు, ఊళ్లో ఆ బోర్డు పెట్టిన తెల్ల మేనేజరు. తిండి రేషన్ లెక్కన ఇచ్చేవారు. ఎవరు లోపలికి రావాలో, ఎవరు బయటికి పోవాలో మేనేజరు చెప్పాలి. కన్నవాళ్ల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుపోయే అధికారం కూడా ఆ బోర్డుకు ఉండేది. పేరేమో రక్షణ, పనేమో పెత్తనం.

1939 ఫిబ్రవరిలో కమ్మెరగుంజ జనం ఇక చాలన్నారు. చాలని రేషన్, పాడుబడ్డ బతుకు, మేనేజరు తీరు భరించలేక నూట యాభై మందికి పైగా మూటాముల్లె కట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని, మర్రే నది దాటి అవతలి విక్టోరియా రాష్ట్రంలోకి వెళ్లిపోయారు. ఆస్ట్రేలియా ఆదివాసుల చరిత్రలో అది పెద్ద సామూహిక నిరసన. ఆ జనంలో జిమ్మీ కుటుంబం ఉంది. అప్పటికి అతనికి ఇంకా రెండేళ్లు నిండలేదు. తర్వాత వాళ్లు తండ్రి తరఫు వాళ్లుండే సముద్రతీరానికి, వల్లగా సరస్సు దగ్గరికి చేరారు.

మన జోడేఘాట్ పోరు 1940 నాటిది. కుమ్రం భీం జల్, జంగిల్, జమీన్ అని నిలబడినప్పుడు, దానికి ఏడాది రెండేళ్ల ముందే అంత దూరాన ఇంకో ఆదివాసీ జనం నది దాటింది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కానీ మా ఊరు ఎలా నడవాలో మేమే చెప్పుకుంటామన్న మాట మాత్రం రెండు చోట్లా ఒకటే.

సరస్సు దగ్గర పెరుగుతున్నప్పుడే జిమ్మీ తల్లిని పోగొట్టుకున్నాడు. ఆల్చిప్ప గీసుకుని అయిన చిన్న గాయం ధనుర్వాతమై ఆమె ప్రాణం తీసింది. పదమూడేళ్ల వయసులో చేతికి గిటారు వచ్చింది. ఏడాది తిరక్కుండా చుట్టుపక్కల కచేరీల్లో వాయించడం మొదలుపెట్టాడు. పదహారేళ్లకు సిడ్నీ వెళ్లి కొత్త గొంతుల కోసం నడిపే రేడియో కార్యక్రమంలో పాడి వచ్చాడు. 1955లో సిడ్నీకే మకాం మార్చాడు. మరుసటి ఏడాది మొదటి రికార్డు వచ్చింది. 1958లో మార్జొరీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా పాడేది. యాభై ఏళ్లకు పైగా కలిసి బతికారు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. కంట్రీ మ్యూజిక్ అమెరికాలో పుట్టింది. అమెరికా కౌబాయ్‌ల పాటతో ఆస్ట్రేలియా ఆదివాసులకు ఏం పని?

దీనికి జవాబు వాళ్లు చేసిన పనిలో ఉంది. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాన్ని ఔట్‌బ్యాక్ అంటారు. మైళ్ల కొద్దీ ఎర్రమట్టి, పొదలు, ఎండ, పశువుల మందలు. ఆ పెద్ద పెద్ద పశువుల క్షేత్రాల్లో గుర్రమెక్కి మందలు తోలింది చాలావరకు ఆదివాసులే. చాలామందికి సరైన జీతం కూడా ఉండేది కాదు, తిండి, బట్ట, పొగాకు ఇచ్చి సరిపెట్టేవారు. 1966లో ఉత్తర ప్రాంతంలోని వేవ్ హిల్ క్షేత్రంలో గురింజి తెగవాళ్లు విన్సెంట్ లింగియారి నాయకత్వంలో పని మానేసి బయటికి నడిచింది ఇందుకే. జీతం అడుగుతూ మొదలైన ఆ నడక, చివరికి మా భూమి మాకివ్వాలనే దగ్గరికి చేరింది.

గుర్రం, మంద, దుమ్ము, ఇంటికి దూరమైన బతుకు, తప్పిపోయిన మనిషి కోసం బెంగ – కంట్రీ పాటలో ఉండేవి ఇవే. పాట అమెరికాదైనా అందులోని బతుకు తమదే అనిపించింది వాళ్లకు. మిషన్లలో గ్రామఫోన్లు ఉండేవి, రేడియో ఉండేది, ప్రార్థన పాటలు ఎలాగూ ఉండేవి. ఒక్క గిటారు ఉంటే చాలు, రాత్రి మంట చుట్టూ ఊరంతా కూర్చునేది. స్లిమ్ డస్టీ అనే తెల్ల పాటగాడు ఏళ్ల తరబడి ఔట్‌బ్యాక్ దారులన్నీ తిరుగుతూ చిన్న చిన్న ఊళ్లలో కచేరీలు చేశాడు. పట్నం కళాకారులు తొంగిచూడని ఆదివాసీ ఊళ్లకూ వెళ్లాడు. అందుకే ఆయన పాట తెలియని ఆదివాసీ ఇల్లు అక్కడ అరుదు.

ఎక్కడిదో బాణీ తీసుకోవడం తప్పేమీ కాదు, తమ్ముళ్లూ. మన పెళ్లిళ్లలోకి డీజే వచ్చిందని పెద్దవాళ్లు బాధపడతారు. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ పెట్టె ఎవరిదన్న దానికంటే, ఆ పెట్టెలో మన మాట ఉందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. అక్కడి ఆదివాసులు పరాయి గిటారు మీద తమ ఊరి పేరు, తమ నది పేరు, తమ జైలు బాధ పాడుకున్నారు. అలా ఆ గిటారు వాళ్లది అయింది.

మళ్లీ జిమ్మీ కాకా దగ్గరికి వద్దాం. 1960లో ఒక సినిమాలో నటించారు. 1963 చివర్లో ‘రాయల్ టెలిఫోన్’ అనే పాట వచ్చింది. అది అమెరికాలో పుట్టిన పాత క్రైస్తవ భక్తిగీతం. జిమ్మీ మెత్తటి గొంతుతో, తొందర లేకుండా పాడారు. సిడ్నీలో మొదటి స్థానానికి ఎక్కింది, 75,000కు పైగా రికార్డులు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది ఒక పత్రిక ఆయనను ఆస్ట్రేలియా పాప్ స్టార్‌గా ఎన్నుకుంది.

ఆ ఏడాది అంకె గుర్తుపెట్టుకోండి: 1963. దేశ జనాభాను లెక్కగట్టేటప్పుడు ఆదివాసులను కలపకూడదని ఆస్ట్రేలియా రాజ్యాంగంలోనే రాసి ఉన్న కాలం అది. 1967 మేలో దేశమంతా ఓటు వేసి, నూటికి తొంభై మందికి పైగా అవునని చెప్పాకే ఆ వాక్యం పోయింది. అంటే జిమ్మీ పాట ప్రతి ఇంట్లో రేడియోలో మోగుతున్న రోజుల్లో, ఆ పాట పాడిన మనిషిని దేశం తన లెక్కలో చేర్చుకోలేదు. గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు. మన డప్పు, మన గుస్సాడీ, మన ధింసా మంత్రిగారి స్వాగతానికి కావాలి, మన పోడు పట్టా మాత్రం ఫైల్లోనే ఉండాలి అన్నట్టు.

ఇక్కడే జిమ్మీ లిటిల్ మీద ఒక విమర్శ వచ్చింది, దాన్ని దాచడం మాకు ఇష్టం లేదు. అరవై, డెబ్బైల్లో ఆస్ట్రేలియాలో ఆదివాసీ ఉద్యమం ఉధృతంగా ఉంది. రోడ్లెక్కి నినాదాలిచ్చే యువకులకు సూటు వేసుకుని, నవ్వుతూ, అందరికీ నచ్చేలా పాడే జిమ్మీ మరీ మెత్తగా కనిపించారు. ఇంత పేరున్నవాడు గట్టిగా మాట్లాడడేం అన్నారు.

ఇందులో ఒక పక్షం చెప్పి వదిలేయడం మాకు ఇష్టం లేదు. ఉద్యమం లేకపోతే 1967 ఓటు గెలిచేది కాదు, వేవ్ హిల్ భూమి తిరిగి వచ్చేది కాదు. ఆ యువకులు అడిగిన ప్రశ్న సరైనదే. కానీ అవతలి మాట కూడా వినాలి. ఆదివాసీ అంటే తాగుబోతు, సోమరి అని పత్రికలు రాస్తున్న రోజుల్లో, ప్రతి తెల్లవాడి ఇంటి టీవీలోకి ఒక నల్ల మనిషి హుందాగా నడిచి వచ్చి పాడి వెళ్లాడు. అది చూసిన ఆదివాసీ పిల్లలకు ఏమనిపించి ఉంటుందో మనం ఊహించగలం. తర్వాత కాలంలో పైకి వచ్చిన ఆదివాసీ పాటగాళ్లు ఎందరో జిమ్మీయే మాకు దారి చూపాడన్నారు. పోరాటంలో ముందు నడిచేవాళ్లూ కావాలి, తలుపు తెరిచి పట్టుకునేవాళ్లూ కావాలి. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటే లాభపడేది మూడోవాడు. మన సంఘాల్లో ఈ తగువు ఎంత ఖరీదైందో పెద్దలకు తెలుసు.

పైగా జిమ్మీ కాకా తన వేరు మరచిపోలేదు. ఎనభైల్లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లోని ఇయోరా సెంటర్‌లో ఆదివాసీ యువతకు సంగీతం నేర్పారు. 1995లో ‘యోర్తా యోర్తా మ్యాన్’ పేరుతో ఆల్బమ్ చేశారు. తన తెగ పేరును అట్ట మీదే పెట్టుకున్నారు. 1999లో, అరవై రెండేళ్ల వయసులో, ‘మెసెంజర్’ ఆల్బమ్‌తో మళ్లీ దేశమంతా వినిపించారు. కుర్ర రాక్ బృందాల పాటలను ఏరి తన నెమ్మదైన తీరులో పాడారు. దానికి అవార్డు వచ్చింది, అదే ఏడాది సంగీత పరిశ్రమ ఆయనను తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. ఇక నా పని అయిపోయిందని కూర్చునే వయసులో కొత్త పాటలు నేర్చుకున్నాడు కాకా.

ఆ కుటుంబంలో ఇంకో కథ ఉంది. జిమ్మీ చెల్లెలికి 1964లో ఆడపిల్ల పుట్టింది. మూడు వారాల పసికందుగా ఉండగానే ఆ బిడ్డను తీసుకుపోయి ఒక తెల్ల కుటుంబానికి ఇచ్చారు. కన్నతల్లి వదిలేసిందని చెప్పి పెంచారు. ఆ అమ్మాయే డెబోరా చీతమ్, పెద్దయ్యాక ఒపేరా గాయని అయింది. టీవీలో కనిపించే జిమ్మీ లిటిల్ తన సొంత మేనమామ అని ఆమెకు చిన్నప్పుడు తెలియదు. కమ్మెరగుంజ జనం నది దాటిన సంగతి మీద ఒపేరా రాద్దామని ఆ చరిత్ర వెతుకుతుంటే, ఆ దాటినవాళ్లలో తన అమ్మమ్మ, తాతయ్య ఉన్నారని బయటపడింది. ‘పెకాన్ సమ్మర్’ అనే ఆ ఒపేరాను 2010లో మొదటిసారి ప్రదర్శించారు. ఆ కుటుంబం నుంచి పిల్లను తీసుకుపోగలిగారు గానీ, పాటను తీసుకుపోలేకపోయారు.

ఇప్పుడు ఆరోగ్యం మాట. పాటల సభలో ఇదెందుకని అనుకోకండి, ఇది కూడా ఆయన కథలో భాగమే.

జిమ్మీకి షుగర్ వ్యాధి ఉంది. 1990 నాటికి కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. తర్వాత డయాలసిస్ మీద బతికారు, 2004లో కిడ్నీ మార్పిడి జరిగింది. ఆస్ట్రేలియాలో మిగతా జనం కంటే ఆదివాసుల్లో కిడ్నీ జబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ. మారుమూల ఊరివాళ్లకు డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు సూది మాత్రమే కాదు. వందల కిలోమీటర్ల దూరంలోని పట్నంలో, తమ భాష తెలియని చోట, ఇంటివాళ్లు లేకుండా చివరిదాకా ఉండిపోవడం. ఈ బాధ చూడలేక ఎడారిలోని కింటోర్ ప్రాంతపు ఆదివాసీ చిత్రకారులు 2000లో తమ బొమ్మలు వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. ఆ డబ్బుతో మొదలైన ప్రయత్నం వల్ల 2004లో డయాలసిస్ యంత్రం కింటోర్ ఊరికే వచ్చింది. కళ ఊరి ప్రాణం నిలబెట్టడమంటే ఇదే.

జిమ్మీ కాకా కూడా తనకు కిడ్నీ దొరికింది కదా అని ఊరుకోలేదు. 2006లో తన పేరుతో ఫౌండేషన్ పెట్టి మారుమూల ఆదివాసీ ఊళ్లు తిరిగారు. ‘థంబ్స్ అప్’ అనే కార్యక్రమం నడిపారు. మన కూల్‌డ్రింక్ కాదు, నవ్వకండి, దానికి పూర్తిగా తిరగబడ్డ సంగతి. ఏ తిండి మంచిదో, ఏది కాదో పిల్లలకు పాటల ద్వారా చెప్పడం, ఊరి దుకాణంలో మంచి సరుకు మీద బొటనవేలి గుర్తు వేయడం. ఉపన్యాసం వినని పిల్లవాడు పాట వింటాడని ఆయనకు తెలుసు.

మనవైపు ఉద్దానం ఉంది, ఎ.కొండూరు మండలంలోని తండాలు ఉన్నాయి. అక్కడి కిడ్నీ జబ్బు కారణాలు వేరు కావచ్చు, కానీ ఇంటి పెద్ద మంచాన పడ్డాక ఇల్లు ఏమవుతుందో అందరికీ ఒకటే. జొన్న, సామ, కొర్ర తిన్న గూడేల్లో ఇప్పుడు పిల్లల చేతుల్లో రంగునీళ్ల సీసాలు, కుర్‌కురే ప్యాకెట్లు. సంతకు వెళ్లినప్పుడు ఒక్కసారి పీహెచ్‌సీకి కూడా వెళ్లి అమ్మానాన్నలకు బీపీ, షుగర్ చూపించండి. కిడ్నీ పాడయ్యేటప్పుడు ముందుగా నొప్పి పుట్టదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఒక చిన్న రక్త పరీక్ష, ఒక మూత్ర పరీక్ష. అంతే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. జిమ్మీ పాటలు మిగిలాయంటే రికార్డు కంపెనీ ఉంది కాబట్టి. అదే కాలంలో ఔట్‌బ్యాక్‌లోని విల్కేనియా ఊళ్లో డౌగీ యంగ్ అనే ఆదివాసీ పాటగాడు ఉండేవాడు. పశువులు తోలుతూ, తన వాళ్ల కష్టం, తాగుడు, పోలీసుల వేధింపు నవ్విస్తూ పాడేవాడు. అతని దగ్గరికి ఏ కంపెనీ వెతుక్కుంటూ రాలేదు. 1960లలో జెరెమీ బెకెట్ అనే మానవశాస్త్రవేత్త టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లాడు కాబట్టి ఆ గొంతు ఈ రోజుకీ వినిపిస్తోంది. వెళ్లకపోతే పాట మనిషితోపాటే మట్టిలో కలిసేది.

మన దగ్గరా అంతే. మార్లవాయిలో హైమండార్ఫ్ దొర ఉండి రాసుకున్నాడు కాబట్టి ప్రధానులు కీక్రి వాయిస్తూ చెప్పే గోండు గాథలు కొన్ని పుస్తకంలో మిగిలాయి. సమ్మక్క సారలమ్మ కథను, కోయల వంశ చరిత్రలను పాడిన పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు 2024లో వెళ్లిపోయారు. గుస్సాడీకి దేశంలో గౌరవం తెచ్చిన పద్మశ్రీ కనకరాజు గారూ అదే ఏడాది వెళ్లిపోయారు. వాళ్లతో ఎన్ని పాటలు వెళ్లాయో లెక్క చెప్పగలవాళ్లు లేరు.

బెకెట్ మోసుకెళ్లిన టేప్ రికార్డరు పెద్ద పెట్టె. మీ చేతిలోది దానికంటే వంద రెట్లు మేలైనది, జేబులో పడుతుంది. రీల్స్‌కు వాడండి, వద్దనం. కానీ ఈ నెలలో ఒక్క రాత్రి అవ్వ దగ్గర కూర్చుని, పెళ్లిలో పాడే పాట ఒకటి, విత్తనాల పండుగ పాట ఒకటి, పోయినవాళ్ల కోసం పాడేది ఒకటి పూర్తిగా రికార్డు చేయండి. ముందు ఆమెను అడిగి, సరే అన్నాకే చేయండి. దేవర పాటలు కొన్ని బయటికి పాడకూడనివి ఉంటాయి, వాటిని వదిలేయండి. ఆమె పేరు, ఊరు పేరు, గోత్రం, తేదీ చెప్పించండి. మాటలకు అర్థం అడిగి రాసుకోండి. ఆ ఫైలును ఒక్క ఫోన్‌లోనే ఉంచకండి, ఇంకో రెండు చోట్ల దాచండి, సంఘానికి ఒకటి ఇవ్వండి. పాట ఊరిదని, దాని మీద హక్కు ఊరిదేనని రాసి పెట్టండి. రేపు ఎవడో సినిమాలో వాడుకుని తనదంటే అడగడానికి మనకు ఆధారం ఉండాలి.

జిమ్మీ లిటిల్ 2012 ఏప్రిల్ 2న డబ్బో పట్నంలో కన్నుమూశారు. వయసు 75. ఏడాది ముందే మార్జొరీ వెళ్లిపోయింది. మేలో సిడ్నీ ఒపేరా హౌస్‌లో ప్రభుత్వం సంస్మరణ సభ జరిపింది. రేషన్ చాలక, పెత్తనం భరించలేక నది దాటిన జనంలో తల్లి చంకన ఉన్న బిడ్డకు, ఆ దేశంలోకెల్లా పేరున్న వేదిక మీద వీడ్కోలు చెప్పారు. ఆ రెంటికీ మధ్య డెబ్బై మూడేళ్లు. ఆ దూరం ఒక్కడి పాటే దాటించలేదు. నినాదాలిచ్చినవాళ్లు, పని మానేసి నడిచినవాళ్లు, ఓటు వేసినవాళ్లు, పిల్లలకు పాట నేర్పినవాళ్లు అందరూ కలిసి దాటించారు.

వచ్చే ఏడాది ఇదే సభలో మేం మాట్లాడం. మీరు రికార్డు చేసి తెచ్చిన పాటలు వింటాం, పాడిన అవ్వల్ని, తాతల్ని ముందు వరుసలో కూర్చోబెడతాం. తేవడం మీ వంతు.

జోహార్లు. జై ఆదివాసీ!